పేర్ల గోడ ముందు నిలబడి వచ్చాం

(వ్యవసాయ కూలీలు, విద్యార్థులు, సంఘ కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా పోయొచ్చారు గదా, అక్కడి విశేషాలు చెప్పండి అని సంఘం వాళ్ళు అడిగారు. అమెరికా విశేషాలంటే ఎత్తయిన మేడలూ, అద్దాల ఆఫీసులూ, మన ఊళ్ళ నుంచి పోయిన పిల్లల జీతాలూ అనుకుంటారు. అవి టీవీల్లోనూ ఫోన్లలోనూ రోజూ చూస్తూనే ఉన్నారు. మేము చెప్పబోయేది ఒక చెరకు తోట సంగతి. చెరకు గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కత్తి పట్టి చెరకు కొట్టినవాళ్ళున్నారు. బెల్లం పొయ్యి దగ్గర రాత్రంతా పిప్పి ఎగదోసినవాళ్ళున్నారు. అందుకే ఈ మాట పట్నం సభల్లో కంటే ఇక్కడే బాగా అర్థమవుతుందని మా నమ్మకం.

మేమిద్దరం పంతుళ్ళం. మా రెండిళ్ళల్లోనూ డిగ్రీ కాగితం చూసిన మొదటి తరం మాదే. హూస్టన్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసే మా తమ్ముడూ మరదలూ టిక్కెట్లు పంపితే సంక్రాంతి సెలవులకు పోయాం. అక్కడి నుంచి దాదాపు ఐదొందల కిలోమీటర్లు కారులో తూర్పుకు పోతే లూసియానా రాష్ట్రంలో మిసిసిపీ నది వస్తుంది. న్యూ ఆర్లియన్స్, బేటన్ రూజ్ అనే రెండు పట్నాల నడుమ ఆ నదికి రెండు ఒడ్లనా ఒకప్పుడు వరసగా చెరకు తోటలే. వాటినే ప్లాంటేషన్లు అంటారు.

తోట అంటే మన మామిడి తోట లాంటిది అనుకోవద్దు. వందల ఎకరాల భూమి, దానంతటా ఒకే పంట. నదికి ఎదురుగా దొర బంగళా. వెనక వరసగా బానిసల గుడిసెలు. ఆ వెనక గానుగ, పెనాలు, ఇంకా వెనక పొలాలు. చూడటానికి ఊరంత ఉంటుంది. కానీ ఊరు మొత్తానికీ ఒక్కడే యజమాని. పొలం ఆయనదే, గొడ్డూ ఆయనదే, పొలంలో పనిచేసే మనిషీ ఆయన ఆస్తే. లూసియానా చట్టంలో బానిసను భూమితో పాటు స్థిరాస్తి కింద లెక్కగట్టారు. భూమి తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నట్టు మనిషిని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకునేవాళ్ళు. 1860 నాటికి అమెరికాలో అలాంటి మనుషులు దాదాపు 40 లక్షల మంది. ఒక్క లూసియానాలోనే 3 లక్షల 30 వేలకు పైగా.

చలికాలంలో ఎందుకు పోయారు, ఎండలు వచ్చాక పోతే హాయిగా ఉండేది గదా అని అక్కడి మనవాళ్ళు అడిగారు. ఆ తోటల బతుకు అర్థం కావాలంటే చలికాలంలోనే పోవాలి. ఎందుకో చెబుతాం.

చెరకు వేడి నేల పంట. లూసియానాలో చలికాలం గడ్డకట్టే మంచు పడుతుంది. ఆ మంచు తగిలితే గెడ లోపల రసం పాడైపోతుంది. అందుకని అక్కడ అక్టోబరులో కత్తి పట్టారంటే ఆ మంచు ముంచుకు రాకముందే, అంటే క్రిస్మస్ అటూ ఇటూగా, మొత్తం కొట్టి, ఆడి, వండి ముగించాలి. కొట్టిన చెరకు నిలవుంటే పులుస్తుందని మీకు తెలుసు. అంటే ఒకసారి మొదలుపెడితే రాత్రీ పగలూ గానుగ ఆగకూడదు. ఆ రెండు మూడు నెలలు బానిసలు రోజుకు పదహారు, పద్దెనిమిది గంటలు పనిచేశారు. పగలు పొలంలో కొట్టుడు, రాత్రి వంతులు పెట్టుకుని గానుగ దగ్గర కాపలా. వరసగా పెద్ద పెనం నుంచి చిన్న పెనానికి, దాని నుంచి ఇంకా చిన్నదానికి కాగే రసాన్ని పొడుగాటి గరిటెలతో తోడి పొయ్యాలి. నిద్రమత్తులో చెయ్యి రోలర్ల నడుమ పడితే చెయ్యి పోయినట్టే. పాకం మీద పడితే తోలు ఊడినట్టే. ఒంటి మీద ముతక గుడ్డ, ముందు పొయ్యి సెగ, వెనక గడ్డకట్టించే గాలి. పత్తి తోటల కంటే చెరకు తోటలే ఎక్కువ మందిని మింగాయి. లూసియానా చెరకు ప్రాంతంలో పుట్టినవాళ్ళ కంటే చచ్చినవాళ్ళే ఎక్కువ. ఆ లోటు పూడ్చుకోవటానికి న్యూ ఆర్లియన్స్ బజారులో కొత్త మనుషుల్ని కొనుక్కొచ్చేవాళ్ళు. 1808 నుంచి విదేశాల నుంచి బానిసల్ని తేవటం నిషేధించారు. అయినా దేశం లోపలి అమ్మకం ఆగలేదు. పై రాష్ట్రాల నుంచి తల్లిని ఒకచోటికీ బిడ్డను ఒకచోటికీ విడగొట్టి, దాదాపు పది లక్షల మందిని కింది రాష్ట్రాలకు తోలారు.

టీలో వేసుకునే చక్కెర తెల్లగా ఉంటుంది. దాని కథ అంత తెల్లది కాదు.

ఆ నది ఒడ్డున ఇప్పటికీ చాలా బంగళాలు నిలిచి ఉన్నాయి. టిక్కెట్టు కొనుక్కుని చూడొచ్చు. తెల్లటి స్తంభాలు, ముందు వరసగా మహా వృక్షాలు, చలికాలంలో క్రిస్మస్ దీపాలు. పెళ్ళిళ్ళకు అద్దెకిస్తారు. రాత్రి బస చెయ్యటానికి గదులిస్తారు. ఏళ్ళ తరబడి అక్కడి గైడులు దొరసాని పట్టు గౌను గురించీ, పింగాణీ పళ్ళేల గురించీ, దొరగారి అతిథి మర్యాదల గురించీ చెప్పుకుంటూ వచ్చారు. ఆ పళ్ళేలు కడిగిన చేతుల గురించి మాత్రం మాట లేదు. చెప్పక తప్పనప్పుడు ‘నౌకర్లు’ అని ఒక మెత్తటి మాట వాడేవాళ్ళు. నౌకరుకు జీతం ఉంటుంది, మానుకుని పోయే దారి ఉంటుంది. బానిసను నౌకరు అనటమంటే చరిత్రకు సున్నం కొట్టటమే.

మా తమ్ముడు కూడా దారిలో, “అన్నా, ముందు ఓక్ చెట్ల బంగళా చూద్దాం, ఫొటోలు బాగా వస్తాయి” అన్నాడు. ఓక్ ఆలీ అని పేరు దానికి. చెట్లు నిజంగానే గొప్పవి. కానీ ఆ తోటలో మాకు గుర్తుండిపోయింది ఆంట్వాన్ అనే బానిస. అతను తోటమాలి. 1846-47 చలికాలంలో పెకాన్ అనే గింజ చెట్లకు అంటు కట్టి, పలుచటి పెంకుతో చేత్తో నలిపితే పగిలే రకం తయారుచేశాడు. ఎందరో ప్రయత్నించి వదిలేసిన పని అది. 1876లో ఫిలడెల్ఫియా నగరంలో అమెరికా నూరేళ్ళ పండగ ప్రదర్శన జరిగినప్పుడు ఆ గింజకు మెచ్చుకోలు దక్కింది. దానికి పెట్టిన పేరేంటో తెలుసా? ‘సెంటెనియల్’, అంటే నూరేళ్ళది అని. కట్టినవాడి పేరు పెట్టలేదు. అతనికి ఇంటిపేరు కూడా లేదు. దొర ఆస్తుల జాబితాలో ఆంట్వాన్ అని ఒక్క మాట, పక్కన వయసు, పని, ధర. ఆ పేరు మనదాకా వచ్చిందంటే ఆ ధర రాసుకున్న కాగితం మూలానే.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మేము ఈ రోజు చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అక్కడి నుంచి వాలెస్ అనే చిన్న ఊరి దగ్గర విట్నీ ప్లాంటేషన్‌కి పోయాం. 1752లో జర్మనీ నుంచి వలసొచ్చిన హైడెల్ కుటుంబం మొదలుపెట్టిన తోట అది. మొదట నీలిమందు, తర్వాత చెరకు. అంతర్యుద్ధం తర్వాత కొన్న యజమాని తన మనవడి ఇంటిపేరు దానికి పెట్టుకున్నాడు. ఆ నేలను దున్నినవాళ్ళ పేర్లు మాత్రం 2014 దాకా ఏ గోడ మీదా లేవు. 2014 డిసెంబరులో అది మ్యూజియంగా తెరుచుకుంది. న్యూ ఆర్లియన్స్‌కి చెందిన జాన్ కమింగ్స్ అనే తెల్ల వకీలు తన సొంత డబ్బు పెట్టి కట్టించాడు. సెనెగల్ దేశం నుంచి వచ్చిన ఇబ్రహీమా సెక్ అనే నల్ల చరిత్రకారుడు పరిశోధన బాధ్యత తీసుకున్నాడు. 2019 నుంచి అది లాభాపేక్ష లేని సంస్థ చేతిలో నడుస్తోంది. ఆ దారిలో ఉన్న బంగళాలన్నింటిలోకీ మొత్తం కథను బానిసల వైపు నుంచే చెప్పాలని పూనుకున్న చోటు ఇదే.

పొగమంచులో పోయాం. చెరకు కొట్టేసిన పొలాల్లో మోళ్ళు మిగిలున్నాయి. కరకట్ట అవతల నది కనపడదు, ఓడల కూత మాత్రం వినపడుతుంది. మేము వేసుకున్న స్వెట్టర్ల మీద కోట్లు, చేతులకు ఉన్ని తొడుగులు. అయినా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఈ చలిలో, చెప్పుల్లేకుండా, మోకాళ్ళ దాకా ఒక్క చొక్కాతో తిరిగిన పిల్లల్ని తలుచుకున్నాం.

ఆ పిల్లలు అక్కడ కనపడ్డారు. లోపల ఒక పాత చెక్క చర్చి ఉంది. దాన్ని 1870లో, విడుదలైన బానిసలే నదికి అవతలి ఒడ్డున తమ చేతులతో కట్టుకున్నారు. ముందు దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘యాంటీ యోక్’. యోక్ అంటే కాడి. మెడ మీది కాడిని ఎదిరించే చర్చి అన్నమాట! ఎంత సూటి పేరో చూడండి. ఎద్దు మెడ మీది కాడిని ఎరిగినవాళ్ళు, తమ మెడ మీద కాడి మోసినవాళ్ళు పెట్టగలిగిన పేరు అది. తర్వాత్తర్వాత అది బైబిల్లో ఉన్న అంతియొకయ పేరుగా, ఆంటియాక్‌గా మారింది. ఆ చర్చి లోపల బెంచీల మీదా మూలల్లోనూ నిలువెత్తు మట్టి బొమ్మలున్నాయి. అన్నీ పిల్లలవే. వుడ్రో నాష్ అనే నల్ల శిల్పి చేశాడు.

ఎందుకు పిల్లలే అని అడిగాం. దానికొక లెక్క ఉంది. 1936, 1938 మధ్య అమెరికా ప్రభుత్వం రచయితలకు పని కల్పించే పథకం కింద కొందరిని పంపి, బానిసత్వం చూసి ఇంకా బతికున్న ముసలివాళ్ళ దగ్గర కూర్చోబెట్టి చెప్పించి రాయించింది. 2,300కు పైగా సాక్ష్యాలు పోగయ్యాయి. బానిసత్వం రద్దయింది 1865లో. అంటే 1930ల దాకా బతికి సాక్ష్యం చెప్పినవాళ్ళు విడుదల నాటికి పసిపిల్లలు. గొంతు మిగిలింది పిల్లలకే. అందుకే బొమ్మలు పిల్లలవి. చూడటానికి వచ్చినవాళ్ళ మెడలో వేసుకోమని ఒక కార్డు ఇస్తారు. దాని మీద అలాంటి ఒక పిల్ల బొమ్మ, ఆ మనిషి ముసలితనంలో చెప్పిన మాట. ఆ కార్డు మెడలో వేసుకుని తోటంతా తిరుగుతారు.

ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. ఆ సాక్ష్యాలు రాసుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. కొన్నిచోట్ల అదే ఊరివాళ్ళు, పాత దొరల బంధువులు. వాళ్ళ ముందు ఆ ముసలివాళ్ళు ఎంత చెబుతారు? ఎంత మింగుతారు? ‘మా దొర మంచోడేనయ్యా’ అని తప్పుకోక ఏం చేస్తారు? అడిగేవాడు ఎవడన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మన పల్లెల్లో సర్వేలకు వచ్చినవాళ్ళకు మన పెద్దోళ్ళు చెప్పే జవాబులు మనం వినలేదా?

చర్చి దాటాక గోడలు. ఒక గోడ మీద ఆ ఒక్క తోటలో బతికి చచ్చిన 350 మందికి పైగా బానిసల పేర్లు చెక్కారు. దాని అవతల వరసల మీద వరసలుగా ఇంకా గోడలు. లూసియానాలో 1820కి ముందు కాగితాల్లో దొరికిన 1,07,000 మంది బానిసల పేర్లు. గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి పేరు ఆ వరసలకు పెట్టారు. ఆమె 2022లో కన్నుమూసింది. ఏళ్ళ తరబడి కోర్టుల్లో, దస్తావేజుల ఆఫీసుల్లో కూర్చుని, ఫ్రెంచి, స్పానిష్ రాతలు చదివి, ఈ పేర్లన్నీ ఏరిందామె. ఎక్కడ దొరికాయి ఆ పేర్లు? అమ్మకం పత్రాల్లో. తాకట్టు కాగితాల్లో. దొర చచ్చిపోతే రాసిన ఆస్తి పంపకాల జాబితాల్లో. పారిపోయినవాళ్ళ మీద పెట్టిన ఫిర్యాదుల్లో. మనిషికి ధర కట్టటానికి రాసుకున్న కాగితమే నూటయాభై, రెండొందల ఏళ్ళ తర్వాత ఆ దొర మీద సాక్ష్యం చెప్పింది.

మా ఆవిడ ఆ పేర్లను వేలితో తడుముతూ చదివింది. మారీ, ఫ్రాన్సువా, జాన్, జాక్. ఇవి దొరలు పెట్టిన పేర్లు. అక్కడక్కడా సాంబా, కూంబా, ఫాతిమా. ఇవి కడుపున పుట్టిన నేల నుంచి మోసుకొచ్చుకున్న పేర్లు. సముద్రం దాటించి, గొలుసులేసి, అమ్మి, కొని కూడా వాళ్ళ నోటి నుంచి ఆ పేరును పీకలేకపోయారు.

ఇంకొంచెం అవతల చిన్న ఆవరణ. మధ్యలో ఒక నల్ల దేవదూత, చేతుల్లో పసిబిడ్డ. చుట్టూ రాతి పలకలు. వాటి మీద ఆ ఒక్క జిల్లా లాంటి ప్రాంతంలో, మూడేళ్ళు నిండకుండానే చచ్చిపోయిన 2,200 మంది బానిస పిల్లల వివరాలు. చర్చి రికార్డుల నుంచి తీశారు. పోయిన బిడ్డల్ని లెక్కపెట్టుకోని తల్లి లేదు. మన పల్లెల్లో మన నాయనమ్మల్ని ఎంతమంది పిల్లలమ్మా అంటే ‘పుట్టింది తొమ్మిది, నిలిచింది నలుగురు’ అనేవాళ్ళు. ఆ నిలవని అయిదుగురికీ పలక ఎక్కడుంది?

దొర బంగళాను చివరగా చూశాం. దాని వెనక వరండాలో నిలబడితే, దొర ఎక్కడ కూర్చుని ఏం చూస్తూ ఉండేవాడో తెలుస్తుంది. గుడిసెలు, పెనాలు, పొలం. బంగళా గొప్ప తగ్గిపోయి, అది కాపలా మంచెలాగా కనిపించింది. ఒకే ఇల్లు. ఏ వైపు నుంచి వచ్చావన్నదే తేడా.

అక్కడ తలల గుర్తు కూడా ఒకటి ఉంది. అది చూసి మా మరదలు కళ్ళు మూసుకుంది. ఆ కథ కూడా చలికాలందే. 1811 జనవరి 8 రాత్రి, ఆ నది ఒడ్డునే, ఆండ్రీ అనే దొర తోటలో బానిసలు తిరగబడ్డారు. ముందు నడిచినవాడు చార్లెస్ డెలాండ్. అతను బానిసల్లోంచే తీసిన మేస్త్రీ. అంటే దొర తన కొరడాను చేతికిచ్చి నమ్మిన మనిషి. ఆ చేతులే చెరకు కత్తులు, గొడ్డళ్ళు పట్టించాయి. తోట తోటకూ జనం కలిసి, రెండొందల నుంచి ఐదొందల మంది దాకా న్యూ ఆర్లియన్స్ వైపు కదిలారు. అమెరికా చరిత్రలో బానిసలు చేసిన అతి పెద్ద తిరుగుబాటు అదేనని అంటారు. వాళ్ళ చేతుల్లో చచ్చిన తెల్లవాళ్ళు ఇద్దరు. జనవరి 10 నాటికి దొరల దండూ సైన్యమూ కలిసి వాళ్ళను చుట్టుముట్టాయి. పోరులోనూ, ఆ తర్వాత వేసిన మరణశిక్షల్లోనూ దాదాపు 95 మందిని చంపారు. విచారణ చేసిన పంచాయితీలో కూర్చున్నది ఎవరనుకుంటున్నారు? తోటల యజమానులే. ఫిర్యాది దొర, సాక్షి దొర, జడ్జి దొర. తెగ్గొట్టిన తలల్ని కరకట్ట పొడవునా కర్రలకు గుచ్చి నిలబెట్టారు. అంతటితో ఆగలేదు. శిక్ష పడి చచ్చిన ఒక్కొక్క బానిసకూ 300 డాలర్ల నష్టపరిహారం ఇచ్చారు. చచ్చినవాడి పెళ్ళాం బిడ్డలకు అనుకుంటున్నారేమో! ఆస్తి పోగొట్టుకున్న యజమానికి!

1865లో బానిసత్వం రద్దయింది. కొరడా పోయింది గానీ భూమి రాలేదు. అవే తోటల్లో, అవే గుడిసెల్లో, ఇప్పుడు కూలికి. ఆ కూలి కూడా డబ్బుగా ఇవ్వకుండా దొర దుకాణంలోనే చెల్లే చీటీలుగా ఇచ్చారు. 1887 నవంబరులో, సరిగ్గా గానుగాట రోజుల్లో, దాదాపు పది వేల మంది చెరకు కూలీలు సమ్మె కట్టారు. రోజుకు డాలరు పావు కూలి కావాలి, చీటీలు వద్దు, డబ్బు కావాలి అన్నారు. ఆలస్యమైతే మంచుకు పంట పోతుందని దొరకు తెలుసు. ఆ సంగతి కూలికీ తెలుసు. అందుకే ఆ అదను చూసుకున్నారు. నవంబరు 23న తిబడో అనే ఊళ్ళో తెల్ల సాయుధులు నల్ల పేట మీద పడి, ఇళ్ళలోంచి ఈడ్చి కాల్చి చంపారు. ఎంతమంది చనిపోయారో సరైన లెక్క లేదు. చంపినవాళ్ళలో ఒక్కడికీ శిక్ష లేదు. కూలి అడిగినందుకు పేట తగలబడటం ఎట్లా ఉంటుందో ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు.

ఇంకొక మనిషిని కూడా తలుచుకోవాలి. నార్బర్ట్ రిల్యూ. 1806లో న్యూ ఆర్లియన్స్‌లో నల్ల తల్లికి, స్వతంత్రుడిగా పుట్టాడు. ఒక పాత్రలో వచ్చే ఆవిరితోనే రెండో పాత్రలో రసం కాగేటట్టు, 1840లలో కొత్త యంత్రం కనిపెట్టాడు. దాంతో పొదుపుగా వంట సాగింది. పెనాల ముందు నిలబడి గరిటెతో తోడిపోసే చావు పని తప్పింది. మన చక్కెర ఫ్యాక్టరీల్లో ఈ రోజుకీ రసం చిక్కబరిచేది ఆ సూత్రం మీదే. ఫ్యాక్టరీకి బండి తోలే మన అన్నదమ్ములకు ఆ పేరు ఎవరైనా చెప్పారా? మా సైన్సు పుస్తకాల్లోనూ లేదు. అతను ఆ దేశం వదిలి పోయి 1894లో పారిస్‌లో కన్నుమూశాడు.

ఇక్కడ మనల్ని కొందరు అడుగుతారు. నల్లవాళ్ళకూ మనకూ ఏం సంబంధం, ఎక్కడి మిసిసిపీ, ఎక్కడి కృష్ణ అని. సంబంధం మేము కొత్తగా కల్పించింది కాదు. మహాత్మా ఫూలే 1873లోనే తన ‘గులాంగిరి’ పుస్తకాన్ని నల్ల బానిసల విడుదల కోసం నిలబడిన అమెరికా జనానికి అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయ్‌కి ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టిన విన్నపం ప్రతులు కావాలని అడిగాడు. డుబాయ్ ప్రేమగా జవాబిచ్చాడు. 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్స్‌ని చూసే.

అయితే రెండూ ఒకటేనని బాబాసాహెబ్ ఎన్నడూ చెప్పలేదు. బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి తూచాడు. బానిసకు ధర ఉంది కాబట్టి చచ్చిపోతే దొరకు నష్టం. అంటరానివాడు చస్తే ఎవరికీ నష్టం లేదు. బానిసను యజమాని విడుదల చెయ్యొచ్చు. అంటరానితనం నుంచి విడుదల చేసే యజమాని ఎవడూ లేడు, అది పుట్టుకతో అంటుకుని చావుతోనూ పోదు. మేము ఆ గోడ ముందు నిలబడినప్పుడు ఈ మాట ఇంకోరకంగా అర్థమైంది. బానిసకు ధర ఉంది కాబట్టి పేరు కాగితం మీదికెక్కింది. వెట్టికి ధర లేదు. ధర లేని మన తాతల పేర్లు ఏ దొర చిట్టాలో వెతకాలి? మనకొక గోడ కావాలంటే, దస్తావేజుల ఆఫీసులో దొరకదు. మన ముసలివాళ్ళ నోట్లో దొరుకుతుంది.

అమెరికాలో ఈ పోరాటం ఈ రోజుకీ నడుస్తోంది. ఆ తోటల భూముల్లోనే ఇప్పుడు రసాయన ఫ్యాక్టరీలు లేచాయి. వాటి పొగ పీల్చేది ఆ బానిసల మనవలూ మునిమనవలే. ఆ నది వెంట ఉన్న ఆ దారికి జనం ‘క్యాన్సర్ సందు’ అని పేరు పెట్టారు. విట్నీ ఉన్న వాలెస్ ఊళ్ళోనే పెద్ద ధాన్యం ఎగుమతి టెర్మినల్ కడతామని ఒక కంపెనీ వచ్చింది. ఆ ఊరి బిడ్డలే, జాయ్ బానర్, జో బానర్ అనే కవల అక్కచెల్లెళ్ళు, ‘డిసెండెంట్స్ ప్రాజెక్ట్’ అని సంఘం పెట్టుకుని కొట్లాడారు. మా తాతల సమాధులు ఈ నేలలో ఉన్నాయి, వాటి మీద కట్టనియ్యం అన్నారు. 2024 ఆగస్టులో ఆ కంపెనీ తప్పుకుంది. అదే 2024లో ఆ సంఘం ఇంకో పని చేసింది. 1811 తిరుగుబాటు మొదలైన ఆ ఆండ్రీ దొర తోట బంగళాను కొనేసింది. విట్నీని కట్టింది తెల్ల వకీలు. కట్టినందుకు మంచిదే. కానీ దొర బంగళా తాళంచెవి బానిసల మునిమనవరాళ్ళ చేతికి వచ్చిందంటే, అది ఇంకో మెట్టు.

2025 మే 15న అదే నది ఒడ్డున నాటోవే అనే పెద్ద బంగళా కాలిపోయింది. దక్షిణాదిలో మిగిలిన బంగళాల్లో అదే అతి పెద్దదని చెప్పుకునేవాళ్ళు. దాన్ని పెళ్ళిళ్ళకూ బసకూ నడిపారు. కొందరు అయ్యో చరిత్ర కాలిపోయిందే అని ఏడ్చారు. కొందరు పీడ విరగడైందని సంబరపడ్డారు. మేమంటాం, బంగళా కాలితే చరిత్ర కాలదు, నిలిస్తే చరిత్ర నిలవదు. ఆ కథ ఎవరి నోటితో చెబుతున్నామన్నదే అసలు సంగతి.

మన దగ్గర చుండూరులో, 1991 ఆగస్టు 6న చంపేసిన మనవాళ్ళను ఊరి బయట శ్మశానానికి పంపలేదు. ఊరి నడుమే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ఏ ప్రభుత్వమూ పెట్టలేదు, మనం పెట్టుకున్నాం. యాంటీ యోక్ చర్చి పెట్టుకున్నవాళ్ళకూ మనకూ ఇదే చుట్టరికం.

ఇక పని సంగతి. సభలో చప్పట్లు కొట్టి ఇంటికి పోతే ప్రయోజనం లేదు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ రోజు పదేళ్ళ వయసులో పాలేరుగా పసుల వెనక తిరిగిన పిల్లవాడు ఈ రోజు అరవై దాటుతున్నాడు. అప్పటికి ముప్పై ఏళ్ళ జీతగాడు ఎనభైకి వచ్చాడు, ఉంటే. అమెరికాలో అడిగే బుద్ధి పుట్టేసరికి 70 ఏళ్ళు దాటిపోయింది, పిల్లల గొంతులే మిగిలాయి. మనకింకా పెద్దవాళ్ళ గొంతులున్నాయి. ప్రతి చలికాలానికీ పల్లెలో ఒకరిద్దరు ముసలివాళ్ళు రాలిపోతున్నారు. వాళ్ళతో పాటు ఎన్ని పేర్లు పోతున్నాయో ఎవరూ లెక్క పెట్టటం లేదు.

అందుకని ప్రతి పల్లెలో మా విద్యార్థులకు ఒక పని చెబుతున్నాం. ఒక నోటు పుస్తకం కొనండి. రూపాయల ఖర్చే. మీ తాత దగ్గరా నాయనమ్మ దగ్గరా కూర్చోండి. ఫోను ఉంటే గొంతు రికార్డు చెయ్యండి. ఎవరింట్లో జీతం ఉన్నావు, ఎన్నేళ్ళు, ఏమిచ్చారు? నీ అమ్మ పేరేంటి, ఆమె అమ్మ పేరేంటి? ఊరి చెరువు కట్ట పోసిందెవరు? దొర మేడకు రాయి మోసిందెవరు? నిలవని పిల్లలకు ఏం పేర్లు పెట్టుకున్నావు? ఆడవాళ్ళను ముందు అడగండి. పేర్లు గుర్తుంచుకునేది వాళ్ళే. చెప్పింది చెప్పినట్టు రాయండి, వాళ్ళ మాటల్లోనే రాయండి, బడి తెలుగులోకి మార్చవద్దు. బయటివాడు అడిగితే ‘మా దొర మంచోడే’ అంటారు. మనవడు అడిగితే నిజం చెబుతారు. ఆ పుస్తకాలన్నీ అంబేడ్కర్ సంఘం గదిలో ఒక బీరువాలో పెట్టుకుందాం. పల్లెకొక గోడ లేచేది ఆ పుస్తకాల్లోంచే.

మన పేర్లు రాయటానికి ఏ దొర చిట్టా కోసమూ, ఏ వకీలు పుణ్యం కోసమూ మనం కాచుకుని కూర్చోవద్దు. రాయటం వచ్చిన మొదటి తరం మనది. ఆ రాత మొదట ఎవరికి బాకీ ఉందో తెలుసుకుని, ఆ బాకీ తీర్చటం మొదలుపెడదాం.

జై భీమ్!